పానాల పెట్టె పోయింది, చేతి పట్టు తగ్గింది: షాపు మళ్లీ ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న: అన్నా, నమస్తే. దేవరకొండ దగ్గర పద్దెనిమిదేళ్లుగా బైక్ మెకానిక్ షాపు నడిపాను. పోయిన ఏడాది ఉన్నట్టుండి కాళ్లు మొద్దుబారాయి, రెండు రోజుల్లో చేతులు కూడా లేవలేదు. జీబీఎస్ (గీలన్-బారీ సిండ్రోమ్ అనే నరాల జబ్బు) అన్నారు. హైదరాబాద్‌లో నలభై రోజులు ఆస్పత్రిలో ఉన్నాను, అందులో సగం ఐసీయూలోనే. ఇప్పటికి తొమ్మిది నెలలైంది. నడుస్తున్నాను, నా పనులు నేను చేసుకుంటున్నాను. కానీ చేతివేళ్ల కొసలకు ఇంకా స్పర్శ సరిగా లేదు, కుడిచేతి పట్టు తక్కువ. నేను ఆస్పత్రిలో ఉండగా ఖర్చులకు చాలక మా ఆవిడ షాపులో సామానంతా అమ్మేసింది. మ్యాగ్నెట్ పుల్లర్లు (ఇంజిన్ మ్యాగ్నెట్ చక్రం ఊడదీసేవి), వాల్వ్ కంప్రెసర్ (వాల్వు స్ప్రింగ్ నొక్కిపట్టేది), మా ఉస్తాద్ తన చేత్తో చేసిచ్చిన క్లచ్ హోల్డర్, అన్నీ కలిపి పదకొండు వేలకు పోయాయి. కొన్నది మా ఊరి మెకానికే. ఆమెను ఏమీ అనలేదు, అనడానికేముంది. కానీ రాత్రి నిద్ర పట్టదు. చీటీ ఎత్తితే నలభై వేలు వస్తాయి. ఇంకో లక్ష మూడు రూపాయల వడ్డీకి ఇప్పిస్తా, ఒకేసారి సెట్ అంతా కొనెయ్ అంటున్నాడు మా బావమరిది. పోయినవన్నీ లిస్టు రాసి దీంతో పంపుతున్నాను. ఏది ముందు కొనాలి? అసలు నేను ఈ పని మళ్లీ చేయగలనా?
- ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

సమాధానం:

తమ్ముడూ,

మీరు పంపిన లిస్టు మొత్తం చదివాను. నూట నలభై మూడు వస్తువులు. సైజులు రాశారు, ఏది ఏ మేకుకు వేలాడేదో కూడా రాశారు. వేళ్లకు స్పర్శ లేకుండా అన్ని పేజీలు రాశారంటే ఎన్ని రాత్రులు కూర్చున్నారో అర్థమవుతోంది. అయినా ఆ లిస్టును ప్రస్తుతానికి మడిచి బీరువాలో పెట్టెయ్యమంటాను.

మీ పెట్టె పద్దెనిమిదేళ్లలో ఒక్కొక్కటిగా నిండింది. ఏదో ఒక బండి వచ్చి సతాయించినప్పుడల్లా ఒకటి కొన్నారు. లిస్టులో పాత టూ స్ట్రోక్ బండ్ల పుల్లర్లే మూడున్నాయి. కార్బురేటర్ జెట్లు తీసే సామాను రెండు సెట్లు. రేపు షాపు తెరిస్తే వాటితో నెలకు ఎన్నిసార్లు పని పడుతుంది? మిగతావి చాలావరకు మీ పాత కుడిచేతిని నమ్ముకుని కొన్నవి. ఆ చేయి ఇప్పుడు మారింది.

ఇది పుస్తకాల్లో చదివి చెబుతున్న మాట అనుకోకండి. 2005లో నాకు వెన్నెముకకు టీబీ వచ్చింది. మహబూబ్‌నగర్‌లో నా షాపు ఏడాది మూతపడింది. మందులు సర్కారు దవాఖానలో ఊరికే ఇచ్చారు గానీ ఆపరేషన్ ప్రైవేటులో చేయించుకోవాల్సి వచ్చింది. ఆరోగ్యశ్రీ మన పాలమూరులో, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది 2007 ఏప్రిల్‌లో. నా వెన్ను అప్పటిదాకా ఆగలేదు. పానాలు అమ్మాం. లేచాక పంతానికి పోయి అప్పు తెచ్చాను, సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లి పోయినవన్నీ ఒకే రోజు కొన్నాను. తెచ్చి గోడకు పాత మేకులకే తగిలించి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని మురిసిపోయాను. తీరా పనికి దిగితే వంగలేను. ఇంజిన్ కిందికి దించే పని ఆరు నెలలు ముట్టుకోలేకపోయాను. క్రాంక్ కేసు విప్పే సామాను, పెద్ద పుల్లర్లు గోడ మీదే తుప్పు పట్టాయి. వడ్డీ మాత్రం ఒక్క నెల కూడా ఆగలేదు. చివరికి వాటిలో సగం కొన్న ధరలో మూడో వంతుకు వదిలించుకున్నాను. మొదటిసారి అమ్మినప్పుడు జబ్బు వల్ల అని చెప్పుకున్నాం. రెండోసారి ఏం చెప్పుకోవాలో తెలియలేదు.

అందుకని, మీ బావమరిది లక్ష వద్దు. మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు మూడు వేలు, ఏడాదికి ముప్పై ఆరు వేలు. అసలు అలాగే ఉంటుంది. ఆ ముప్పై ఆరు వేలతో నేను కింద చెప్పబోయే మొదటి విడత సామానంతా వచ్చి ఇంకా మిగులుతాయి. ఆయన మంచికే చెప్పి ఉంటాడు, మనస్పర్థలు వద్దు. "ముందు చీటీ పైసలతో చూస్తా" అనండి, చాలు.

పని చేయగలనా అన్నారు. జీబీఎస్‌లో మన రక్షణ వ్యవస్థే పొరబడి నరాల మీద పడుతుంది. నరం కోలుకోవడం నెమ్మది, నెలల లెక్క, కొందరికి ఏళ్ల లెక్క. తొమ్మిది నెలల్లో ఇంత దూరం వచ్చారంటే ఇంకా రావడానికి దారి ఉంది. కొందరికి నీరసం, వేళ్ల తిమ్మిరి చాలా కాలం మిగిలిపోతాయి, అదీ తెలిసి ఉండాలి. రోజుకు ఎన్ని గంటలు, ఎంత బరువు, బండి నడపొచ్చా లేదా అన్నవి మీ న్యూరాలజీ డాక్టరును, ఫిజియోథెరపీ చేయించేవాళ్లను అడగండి. అడిగేటప్పుడు "మెకానిక్‌ని" అని ఊరుకోకండి. బరువైన ఇంజిన్ అంచు పట్టి లేపాలి, రెండడుగుల పానా గుంజాలి, గంటసేపు గొంతుక్కూర్చోవాలి అని విడమర్చి చెప్పండి. పాదాలకు కూడా తిమ్మిరి ఉంటే టెస్ట్ రైడ్‌కు వేరేవాళ్లను పంపండి. బ్రేకు ఎంత నొక్కారో కాలికి తెలియకపోతే రోడ్డు మీద ప్రమాదం.

ఇక చేతి సంగతి. అసలు కథంతా ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం ఓపికపట్టండి.

మన పనిలో సగం వేళ్లే చేస్తాయి, మనకే తెలియదు. ప్లగ్ పెట్టేటప్పుడు థ్రెడ్డు సూటిగా ఎక్కుతోందా, అడ్డంగా ఎక్కుతోందా అన్నది వేళ్లకు తెలుస్తుంది. టాపెట్ (వాల్వు దగ్గరి సందు) కొలిచే ఆకు లాగేటప్పుడు ఎంత రాపిడి ఉందో వేళ్లకు తెలుస్తుంది. బోల్టు ఎక్కడ ఆపాలో, ఇంకో పావు చుట్టు తిప్పితే అల్యూమినియం థ్రెడ్డు లేచిపోతుందన్నది మణికట్టుకు తెలుస్తుంది. ఆ కబుర్లు ఇప్పుడు మీ చేతి నుంచి సరిగా రావడంలేదు. పైగా పట్టు తగ్గినవాడు ఒక పొరపాటు చేస్తాడు, నేనూ చేశాను: గట్టిగా బిగించలేదేమో అన్న అనుమానంతో అందరికంటే ఎక్కువ బిగిస్తాడు. కాబట్టి వేళ్లు చెప్పే మాట వేరే దారిలో తెచ్చుకోవాలి.

ప్లగ్‌తో మొదలుపెడదాం. పాత పెట్రోల్ పైపు నాలుగంగుళాల ముక్క కోసి ప్లగ్ తలకు తొడగండి. ఆ పైపు పట్టుకునే ప్లగ్ తిప్పి ఎక్కించండి. థ్రెడ్డు సూటిగా పడితే చుట్లు తిరుగుతూ లోపలికి పోతుంది. అడ్డంగా పడితే ప్లగ్ ఆగిపోతుంది, రబ్బరు పైపు జారుతుంది. థ్రెడ్డు పాడుచేసేంత బలం ఆ పైపుకు ఉండదు. స్పర్శ బాగా ఉన్నవాళ్లు కూడా ఇలాగే చేస్తే హెడ్డులు బతుకుతాయి, చెబితే వినరు.

టాపెట్‌కు రాపిడి అంచనా మానెయ్యండి. రెండు ఆకులతో చూడండి. ఆ బండికి కంపెనీ 0.08 చెప్పింది అనుకోండి. 0.08 ఆకు దూరాలి, 0.10 ఆకు దూరకూడదు. రెండూ అలాగే ఉంటే లాక్ నట్టు బిగించి, బిగించాక మళ్లీ రెండూ పెట్టి చూడండి, బిగించేటప్పుడే స్క్రూ కదులుతుంది కదా. ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి. ఇన్‌లెట్‌కు, ఎగ్జాస్ట్‌కు అంకె వేరుగా ఉండొచ్చు. మోడల్‌ను బట్టి అంకెలు చార్టు రాసి గోడకు అతికించండి.

బిగింపుకు చిన్న టార్క్ రెంచ్ కొనండి. మీ పాత నూట నలభై మూడింటిలో ఇది లేదు, మీ కొత్త పెట్టెలో ఇదే మొదటిది. 5 నుంచి 25 న్యూటన్ మీటర్ల మధ్య పనిచేసేది, పావు అంగుళం గోటీలు (సాకెట్లు) పట్టేది తీసుకోండి. పెద్దది తర్వాత. ఎందుకంటే మన బండ్లలో ఎనిమిది, పది నంబరు పానా పట్టే బోల్టులు ఎక్కువగా 6 మిల్లీమీటర్లవి. వాటికి 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు సరిపోతుంది. పన్నెండు నంబరు పానా పట్టే 8 మిల్లీమీటర్ల బోల్టుకు 22 దరిదాపుల్లో. ప్రత్యేకమైన చోట్లకు ఆ బండి మాన్యువల్ చూడాలి. క్లిక్ మనగానే ఆపాలి, రెండోసారి క్లిక్ అనిపించకూడదు. పని అయ్యాక స్ప్రింగ్ వదులు చేసి, అంటే అంకెను కిందికి తిప్పి డబ్బాలో పెట్టాలి. దీనికి కొన్ని వేలవుతుంది. ఇది ఒక్కటి మాత్రం సెకండ్ హ్యాండ్ కొనొద్దు, ఎన్నిసార్లు కింద పడిందో ఎవడూ చెప్పడు.

తలకు కట్టుకునే ఎల్ఈడీ లైటు, చిన్న అద్దం, పొడవు కర్రకు మ్యాగ్నెట్ ఉన్నది ఒకటి కూడా తీసుకోండి. ఇదివరకు ఇంజిన్ వెనకాల చేయి పెట్టి తడిమి చేసిన పని ఇక చూసి చేయాలి. కింద పడిన వాషర్ కోసం వంగి వెతికే ఓపిక మీకిప్పుడు దండగ. పాత స్పీకర్ మ్యాగ్నెట్‌ను స్టీలు ప్లేటు కింద అతికిస్తే విప్పిన బోల్టులు ఎక్కడికీ పోవు.

టీ పానాల అడ్డకడ్డీకి పాత సైకిల్ ట్యూబు చుట్టండి. కడ్డీ కాస్త లావైతే తక్కువ పట్టు చాలు. రెండు చివరలకూ పాత హ్యాండిల్ గ్రిప్పులు తొడిగినా బాగుంటుంది, చూడటానికి బాగుండదు, అంతే.

సైలెన్సర్ విషయం మరచిపోకండి. వేడి మీ వేళ్లకు ఆలస్యంగా తెలుస్తుంది, తెలిసేలోపే కాలుతుంది. ముట్టుకునే ముందు రెండు నీళ్ల చుక్కలు చల్లి చూడటం అలవాటు చేసుకోండి. పని అయిపోయాక రెండు చేతులూ వెలుతురులో తిప్పి చూసుకోండి. కోసుకుపోయినా నొప్పి తెలియకపోవచ్చు.

ఇంకొకటి, గట్టిగా చెబుతున్నాను. పెట్రోల్‌తో చేతులు కడగడం ఈ రోజుతో ఆపండి. పెట్రోల్‌లో, కొన్ని క్లీనర్ స్ప్రేలలో, కొన్ని రబ్బరు సొల్యూషన్లలో హెక్సేన్ అనే ద్రావకం ఉంటుంది. అది ఎక్కువ కాలం చర్మానికి తగిలినా, గాలి ఆడని చోట పీల్చినా చేతుల, కాళ్ల నరాలు దెబ్బతింటాయి. అమెరికాలో బండ్ల మెకానిక్‌లకే అలా జరిగినట్టు నమోదైంది. మీ నరాలు ఒక దెబ్బ తిని లేస్తున్నాయి, ఇంకో దెబ్బ వద్దు. పార్టులు కడగడానికి కిరోసిన్ గానీ డీజిల్ గానీ బ్రష్‌తో వాడండి, నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి, షట్టరు పూర్తిగా ఎత్తి పెట్టండి. సన్న గ్లౌజుతో స్పర్శ ఇంకా తగ్గుతుందంటారేమో. ఎలాగూ కళ్లతో చేస్తున్నారు కదా.

కూర్చునే పద్ధతి కూడా మార్చాలి. హైడ్రాలిక్ ర్యాంపు గురించి ఇప్పుడు ఆలోచించకండి. షాపు ముందు రెండడుగుల ఎత్తున సిమెంటు దిమ్మె కట్టించండి, బండి ఎక్కడానికి మందపాటి చెక్క, పక్కన స్టూలు. మేస్త్రీ పని ఒకటి రెండు రోజులు. బండిని ఎక్కించడం మాత్రం ఒంటరిగా చేయొద్దు, బండి యజమానినే ఒక చేయి వేయమనండి.

ఇప్పుడు కొనుగోళ్లు. షాపు తెరవకముందే ఒక నోటుబుక్కు పట్టుకుని తెలిసిన మెకానిక్ దగ్గర పదిహేను రోజులు కూర్చోండి. ఏ బండి వచ్చింది, ఏ పనికి వచ్చింది, ఏ సామాను వాడారు, మూడే గళ్లు. మీ వైపు స్ప్లెండర్లు, హెచ్ఎఫ్ డీలక్స్‌లు, షైన్‌లు, రైతుల ఎక్సెల్‌లు, ఆడవాళ్ల స్కూటర్లు, కుర్రాళ్ల పల్సర్లు ఎక్కువ అని నా ఊహ. ఆయిల్ మార్చడం, చైను, బ్రేకులు, కేబుళ్లు, టాపెట్లు, క్లచ్ ప్లేట్లు, ఇవే రోజూ అన్నం పెట్టేవి. పూర్తి ఇంజిన్ పని ఎప్పుడో ఒకటి.

నోటుబుక్కులో ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 (పొగ కాలుష్యం మీద కొత్త నిబంధన) వచ్చింది, కొత్త బండ్లలో చాలావాటికి కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. అప్పట్లో కొన్నవన్నీ ఇప్పుడు షోరూం వారంటీ దాటి మనలాంటి షాపులకు వస్తున్నాయి. మీరు పడుకున్న ఏడాదిలోనే ఆ బండ్లు ఎన్ని పెరిగాయో లెక్కేస్తే తెలుస్తుంది. వాటికి కావలసింది మల్టీమీటర్. వెయ్యి లోపే వస్తుంది. బల్బు పెట్టి కరెంటు చూసే పాత అలవాటు వాటి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే చిన్న కంప్యూటర్) వైర్ల మీద వద్దు, బల్బు లాగే కరెంటుకు ఈసీయూ కాలిపోవచ్చు. పెట్రోల్ లైను విప్పే ముందు పంపు కనెక్టర్ తీసి, బండిని నిలబెట్టే ఇంజిన్ స్టార్ట్ చేసి దానంతట అది ఆగేదాకా ఉంచండి, లేకపోతే ప్రెషర్‌తో పెట్రోల్ మొహాన కొడుతుంది. స్కానర్ మెషిన్ వెంటనే వద్దు. కొన్ని బండ్లలో మీటరులో ఇంజిన్ లైటు ఎన్నిసార్లు వెలిగి ఆరుతోందో లెక్కపెట్టినా తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. మూడు నెలల్లో స్కానర్ అవసరమైన బండ్లు పది దాటితే అప్పుడు కొనండి. ఒక విషయం: ఈ ఎలక్ట్రికల్ పనికి బలం అక్కర్లేదు, కూర్చుని చేయొచ్చు. మీ ఊళ్లో చాలామంది దీనికి భయపడి బండ్లను వెనక్కి పంపుతుంటారు. మీకు పట్టు తిరిగి వచ్చేదాకా కడుపు నింపే పని ఇదేనని నాకనిపిస్తోంది.

చీటీ నలభై వేలలో పాతిక వేలు దాటి సామానుకు పెట్టకండి. మిగతాది రెండు నెలల కిరాయికి, స్పేర్ పార్టులకు ఉండనివ్వండి. మొదటి విడతలో ఎనిమిది, పది, పన్నెండు, పద్నాలుగు టీ పానాలు, ఒక రింగ్ పానా సెట్, మధ్యరకం గోటీ సెట్, 16 ప్లగ్ పానా, టాపెట్ పానా, ఫీలర్ గేజ్ (పైన చెప్పిన ఆకులు), సర్‌క్లిప్ ప్లయర్లు, ఇంపాక్ట్ డ్రైవర్, రబ్బరు సుత్తి, మల్టీమీటర్, టార్క్ రెంచ్. ఇంపాక్ట్ డ్రైవర్ ఎందుకో మీకు చెప్పనక్కర్లేదు, స్ప్లెండర్ క్లచ్ వైపు ఆయిల్ ఫిల్టర్ కవర్ స్క్రూల తలలు ఎన్ని చెక్కుకుపోయాయో మనకు తెలుసు. ఆ కవర్ కిందున్న గాడి నట్టుకు నాలుగు పళ్ల గోటీ కూడా అప్పుడే తీసుకోండి.

రెండో విడత షాపు సంపాదించిన పైసలతోనే. స్ప్లెండర్ కుటుంబానికి సరిపోయే మ్యాగ్నెట్ పుల్లర్ ఒకటి, మీ నోటుబుక్కులో ఎక్కువగా కనిపించిన ఇంకో బండిది ఒకటి. కొనడానికి వెళ్లేటప్పుడు పాత మ్యాగ్నెట్ సంచిలో వేసుకుని వెళ్లండి, కొట్టులోనే థ్రెడ్డు ఎక్కించి చూడండి. "అన్ని బండ్లకూ సెట్ అవుతుంది" అన్న పుల్లర్ ఏ బండికీ సెట్ కాదు. బ్యాటరీ ఇంపాక్ట్ గన్ ఒకటి ఎప్పటికైనా తీసుకోండి, మీ కుడిచేతికి అది పెద్ద ఆసరా. కానీ విప్పడానికే. దాంతో బిగించడం మొదలుపెడితే టార్క్ రెంచ్ కొన్నదంతా దండగ.

కొనకూడనివి కూడా ఉన్నాయి. క్రాంక్ ప్రెస్ వద్దు, బోర్ గేజ్ వద్దు. కనెక్టింగ్ రాడ్డు, బోరింగ్ ఎలాగూ లేత్ షాపుకే పోతాయి, వాళ్ల దగ్గర అవి ఉన్నాయి. వాల్వ్ స్ప్రింగ్ కంప్రెసర్ ఏడాది ఆగొచ్చు. హెడ్డు పని వస్తే విప్పి పంపండి, కూలి కొంత తగ్గుతుంది, తగ్గనివ్వండి.

ఊరి వెల్డర్ దగ్గర చేయించుకునేవి చాలా ఉన్నాయి. పాత క్లచ్ ఫ్రిక్షన్ ప్లేటు, స్టీలు ప్లేటు కలిపి బోల్టులతో బిగిస్తే హబ్బు, హౌసింగ్ రెండూ కదలకుండా ఆగుతాయి, క్లచ్ నట్టు విప్పొచ్చు. పాత చైను ముక్క ఒక పట్టీకి వెల్డింగ్ చేస్తే స్ప్రాకెట్ పట్టుకునే హోల్డర్ అవుతుంది. ఫోర్కు ఆయిల్ సీలు దింపడానికి సరైన సైజు పీవీసీ పైపు, అంచు నున్నగా రాకితే చాలు. హ్యాండిల్ కోన్ నట్టుకు పట్టీ వంచి గాడి కొట్టించొచ్చు. మ్యాగ్నెట్ పుల్లర్ మాత్రం మెత్తటి ఇనుముతో చేయించొద్దు, దాని థ్రెడ్డు పోవడంతో ఆగదు, మ్యాగ్నెట్ థ్రెడ్డునూ తీసుకుపోతుంది.

సెకండ్ హ్యాండ్ కావాలంటే ఆదివారం ఎర్రగడ్డ, గురువారం జుమేరాత్ బజార్. పొద్దున్నే వెళ్లాలి. రింగ్ పానాలైతే లోపలి మూలలు అరిగాయా చూడండి, డబుల్ ఎండ్ పానాలకు నోరు తెరుచుకుందా చూడండి, కొత్త బోల్టు ఒకటి పెట్టి ఊపితే తెలిసిపోతుంది. గ్రైండర్‌తో నంబరు చెరిపిన వస్తువు ఎంత చౌకైనా ముట్టుకోవద్దు, అది ఎవరో మన బోటివాడి గోడ మీది నుంచి వచ్చి ఉంటుంది.

పైసలు ఇంకా కావలసి వస్తే బ్యాంకులో ముద్ర లోన్ అడగండి. శిశు అనే విభాగంలో యాభై వేల వరకు పూచీకత్తు లేకుండా ఇస్తారు. ముందు ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల సర్కారు నమోదు) చేయించుకోండి. అది పూర్తిగా ఉచితం, ఫీజు అడిగినవాడు తన జేబుకు అడుగుతున్నట్టు. కొనబోయే సామానుకు కొట్టువాడి కొటేషన్ జత చేయండి. 2023లో వచ్చిన విశ్వకర్మ పథకం కింద పనిముట్లకు పదిహేను వేలు ఇస్తారని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. ఆ పథకంలో పద్దెనిమిది వృత్తులున్నాయి, కమ్మరి, వడ్రంగి, మంగలి, దర్జీ అలా. బైక్ మెకానిక్ అందులో లేడు. "సుత్తులు, పనిముట్లు తయారుచేసేవాళ్లు" అని ఒకటి ఉంది, అందులో రాయిస్తా అని ఎవడైనా కమీషన్ అడిగితే దండం పెట్టి పంపండి. మీ ఆవిడ మహిళా సంఘంలో ఉంటే సంఘం లోన్ వడ్డీ ఎంతో కూడా కనుక్కోండి. మూడు రూపాయల దరిదాపుల్లో కూడా ఉండదు.

ఆవిడ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. "ఆమెను ఏమీ అనలేదు" అని రాశారు. మా ఇంట్లోనూ నేను ఏమీ అనలేదు. మూడేళ్ల తర్వాత ఒక రోజు ఆమే చెప్పింది, నేను ఖాళీ మేకుల వైపు చూసినప్పుడల్లా తనకు కడుపులో తిప్పేదట, తిట్టినా బాగుండేదనుకునేదట. మీరు ఐసీయూలో ఉంటే ఆమె ఒక్కతే ఆ పెట్టె ముందు కూర్చుని, ఏది ఎంతకు పోతుందో తెలియక, అడగడానికి మనిషి లేక అమ్మింది. ఆ రోజు ఎలా జరిగిందో అడగండి, వినండి. బాధగా ఉందన్న మాట కూడా చెప్పండి, దాచకండి. కొనడానికి వెళ్లేటప్పుడు ఆమెను వెంట తీసుకెళ్లండి. బేరం మీకంటే బాగా ఆడుతుందని నా నమ్మకం.

ఉస్తాద్ క్లచ్ హోల్డర్ ఒక్కటి మాత్రం లిస్టులోంచి బయటికి తీయండి. దానికోసం ఆ మెకానిక్ దగ్గరికి వెళ్లండి. సామానంతా తిరిగి ఇమ్మని అడగొద్దు, చౌకగా కొన్నావన్న మాట నోటి వెంట రానివ్వొద్దు. మీ ఇంట్లో నగదు అవసరమైన రోజు ఆయన నగదు ఇచ్చాడు. వెల్డర్ దగ్గర కొత్త హోల్డర్ ఒకటి చేయించి చేతిలో పట్టుకుని వెళ్లండి. చాయ్ చెప్పి, "ఇది తీసుకుని అది ఇవ్వు, మా ఉస్తాద్‌ది" అనండి. మన పనిలో ఉస్తాద్ పేరు చెప్పాక కాదనేవాళ్లు తక్కువ. కాదంటే కొలతలు తీసుకుంటా అనండి, ఫోన్‌లో నాలుగు వైపులా ఫొటో తీసుకుని రండి. పనిలో పనిగా ఇంకో మాట కూడా కదపండి: పెద్ద పుల్లర్లు, వాల్వ్ కంప్రెసర్ ఇద్దరూ కొనడమెందుకు, ఆయనవి మీరు వాడుకుని, మీ టార్క్ రెంచ్, మల్టీమీటర్ ఆయనకు ఇవ్వొచ్చు. తీసుకున్నది నోటుబుక్కులో రాసి, సాయంత్రం షట్టరు దించేలోపు వెనక్కి. ఈ షరతు మొదటి రోజే పెట్టండి. నేను పెట్టలేదు, నా పల్సర్ పుల్లర్ 2011లో ఒకాయన గంటలో తెస్తానని పట్టుకెళ్లాడు. ఆయన ఇప్పటికీ జడ్చర్ల రోడ్డులో కనిపిస్తాడు, నమస్తే కూడా పెడతాడు.

షాపు తెరిచాక మొదటి నెల రోజుకు మూడు బండ్లు దాటి ఒప్పుకోకండి. మధ్యాహ్నం ఒక గంట పడుకోండి. జీబీఎస్ నీరసం మామూలు అలసటలాంటిది కాదు, మొండికేసి పని చేస్తే మర్నాడు మంచం మీదే ఉంటారు. నోటుబుక్కు నాకు పంపండి, పుల్లర్లలో ఏది ముందో అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం. పెట్రోల్ పైపు ముక్క మాత్రం ఇవాళే కోసిపెట్టుకోండి. ఇంట్లో బండి ఉంటే దాని ప్లగ్ తీసి, కళ్లు మూసుకుని ఓ పదిసార్లు ఎక్కించి దించండి.